ఎనిమిదో భాగంలో లేచిన టెంకాయ

సుంకన్న అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనికి అడ్డంగా నడుస్తుంటే మా ఊరి కుక్కలు మొరగడం మానేసి కూర్చునేవి. కరెంటు లేకపోయినా మోటార్లు ఉలిక్కిపడేవని మా నాయన చెప్పేవాడు. నేను అంత చెప్పను, కుక్కల వరకు మాత్రం నా కళ్లతో చూశాను.

పని చూడ్డానికి సులువే. పిలక ఉన్న టెంకాయను అరచేతిలో పడుకోబెట్టాలి. చెప్పులు విడిచి తూర్పు గట్టు నుంచి పడమటి గట్టుకు నడవాలి. కింద జల ఉన్నచోట పడుకున్న టెంకాయ తనంతట తానే లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెట్టి సున్నం చల్లితే అదే బోరు పాయింటు. యాడికి ఊరి నుంచి పామిడి దాకా సుంకన్న పెట్టిన పాయింట్లు వెయ్యి ఉంటాయని జనం లెక్క. నా లెక్క మూడు వేలు. వాటిలో నీళ్లు పడినవెన్ని అంటే మాత్రం నన్నడక్కండి, భూమిని అడగండి.

సుంకన్నకు ఇప్పుడు అరవై నాలుగేళ్లు. తాడిచెట్టంత పొడవు, తాటాకంత సన్నం. భార్య తిప్పమ్మ పోయి ఆరేళ్లయింది, కూతురు పుట్టపర్తిలో ఒక లాడ్జిలో పని చేస్తుంది. ఆయనకు రెండు విచిత్రమైన అలవాట్లున్నాయి. ఆయన పాయింటు పెట్టిన బోరులో దుమ్ము వస్తే, ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. మా ఊళ్లో నూట అరవై గడపలుంటే, ఆయన గ్లాసు పట్టుకోగలిగినవి పది కూడా మిగల్లేదు. అందుకే చంకలో ఎప్పుడూ నీళ్ల సీసా ఉంటుంది. అది పొగరని కొందరు, పథ్యం అని కొందరు అనేవాళ్లు.

రెండోది ఇంకా విచిత్రం. టెంకాయ పట్టుకునే ముందు కుడి చేతి బొటనవేలికి ఎర్రగుడ్డ చుట్టి, దాన్ని వెనక్కి లాగి మణికట్టుకు గట్టిగా కట్టేస్తాడు. అందులోనే మహిమంతా ఉందని చుట్టుపక్కల ఊళ్లలో పాయింట్లు పెట్టేవాళ్లందరూ ఎర్రగుడ్డలు చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకాయన రెండు చేతులకూ చుట్టుకున్నాడు. ఆయనకు ఒక్క బోరూ పడలేదు.

ఇక సీరియల్ సంగతి. ఇరవై ఎనిమిదేళ్ల కింద హైదరాబాదు నుంచి విజయభాస్కర్ అనే డైరెక్టరు రెండు వ్యాన్లతో మా ఊరికొచ్చాడు. సీరియల్ పేరు 'ధూళిగ్రహం'. ఆకాశంలో ఎక్కడో రెండు సూర్యుళ్లున్న గ్రహం, అక్కడ నీళ్లయిపోయాయి, మనుషులు తమ వాటా నీళ్లు చిన్న బుడ్డీలో పోసి మెడలో కట్టుకుని తిరుగుతారు. అదీ కథ. ఆ గ్రహం కోసం దేశమంతా తిరిగి, చివరికి మా చేలు చూసి, "ఇక్కడ సెట్టింగు అక్కర్లేదు" అన్నాడట. మనుషులు బతకలేని గ్రహం అని మా ఊరిని చూపిస్తుంటే మావాళ్లు సంతోషంగా టీ కాచి ఇచ్చారు.

ఆ గ్రహంలో నీటిజాడ కనిపెట్టే ముసలి పెద్దాయన ఒకడుంటాడు. ఆ వేషం సుంకన్నకిచ్చారు. అప్పుడాయనకు ముప్పై ఆరు. తెల్ల గడ్డం అతికించారు, ఒంటికి వెండిరంగు పూశారు, టెంకాయకు కూడా పూశారు. మాటలు లేవు, నడవడమే. పదమూడు వారాలు మధ్యాహ్నం పూట టీవీలో వచ్చింది. మధ్యాహ్నం మా ఊళ్లో కరెంటు ఉండదు. ఉన్న వారం క్రికెట్టు. ఎవ్వరూ చూడలేదు. పట్నాల్లోనూ ఎవరూ చూడలేదట. మూటకట్టి అటక మీద పెట్టేశారు. అంతే, మరిచిపోయాం.

మొన్న ఎండాకాలం మొదట్లో ఆశ్రిత దాన్ని మళ్లీ తవ్వింది. ఆశ్రిత మా గ్రామ సచివాలయంలో కంప్యూటర్ పని చూసే అమ్మాయి. విజయభాస్కర్ పోయాక ఆయన కూతురు పదమూడు భాగాలూ యూట్యూబులో పెట్టిందట. ఈ అమ్మాయికి మా గుండ్లూ గుట్టలూ కనిపించి, ఆరా తీసి, పదమూడూ చూసేసింది. ఎర్రన్న హోటల్లో పెద్ద టీవీ ఉంది, హోటలు పక్కనే నా కుట్టుమిషన్ ఉంది. కాబట్టి ఆ తర్వాత జరిగినదంతా నాకు తెలియకుండా జరగలేదు.

మొదటి రోజు నవ్వడానికే కూర్చున్నాం. వేరుశనక్కాయలు వలిచే మిషన్ను తిరగేసి అంతరిక్ష నౌక అన్నారు. రెండో సూర్యుడు ఎర్రన్న హోటలు ఇడ్లీ పాత్ర మూత. ఎర్రన్న తన మూతను గుర్తుపట్టి, "నా మూత ఆకాశంలోకి పోయిందేందిరా!" అని కేక పెట్టాడు. కానీ మూడో భాగానికి నవ్వులు తగ్గాయి. ఒక పాప, వాన అంటే ఏంటని అడుగుతుంది. వాళ్లమ్మ తన బుడ్డీలోంచి రెండు చుక్కలతో వేలు తడి చేసుకుని పాప తల మీద చల్లుతుంది. వెంటనే ఆ తడిని తుడిచి తన పెదాలకు రాసుకుంటుంది. హోటల్లో నలభై మంది ఉన్నాం, ఒక్కరూ టీ జుర్రలేదు.

"ఇంత బాగుండాది కదప్పా, అప్పుడెందుకు చూడ్లేదు మనం?" అన్నాడు ఎర్రన్న.

"ఆఖరు దాకా చూడండన్నా. అసలు కత ఆఖర్లో ఉండాది," అంది ఆశ్రిత.

అదే భాగంలో మా వీధి కదిరమ్మ లేచి నిలబడింది. గ్రహం వాళ్ల జెండా టీవీలో రెపరెపలాడుతోంది. అది కదిరమ్మ ఎర్రంచు కోక. ఆ ఏడాది దండెం మీద నుంచి పోయింది. తోడికోడలు తీసిందని అనుమానపడి, ఇరవై ఎనిమిదేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఒకే గోడ, రెండు పొయ్యిలు. ఆ సాయంత్రమే వెళ్లి తోడికోడలి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. తోడికోడలు మాత్రం, "నువ్వే వాళ్లకు అమ్ముకోని నా మింద ఏసినావు" అందట.

ఆ రోజు నుంచి మా ఊరు సీరియల్ చూసే తీరు మారిపోయింది. కథ ఎవడికి కావాలి? ఎవరి వస్తువు ఎక్కడుంది, ఎవరు ఎవరి చేలో నిలబడ్డారు, ఎవరు ఎవరితో నవ్వారు, అదీ చూడ్డం. పోలీసువాళ్లు కూడా అంత శ్రద్ధగా చూడరు.

అట్లాంటి కళ్లతో ఎనిమిదో భాగం చూశాం.

అందులో గ్రహం జనం కొట్టుకు చచ్చేలా ఉంటారు. పెద్దాయన అంటే సుంకన్న, వెండిరంగు టెంకాయ పట్టుకుని గుండ్ల మధ్య నడుస్తాడు. ఒకచోట ఆగుతాడు. టెంకాయ లేచి నిలబడుతుంది. మెల్లగా కాదు, నిద్రలో ఎవరో పిలిచినట్టు దిగ్గున లేస్తుంది. జనం ఏడుస్తూ తవ్వడం మొదలుపెడతారు. భాగం అయిపోతుంది.

ఎర్రన్న రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పాడు. మళ్లీ చూశాం. ఆ తర్వాత కనీసం వందసార్లు చూసుంటాం.

"ఏమప్పా, మన చేలల్లో ఏ పొద్దన్నా ఇట్ల లేసిందా టెంకాయి? బాలింతరాలు మాదిరి మెల్లగా లేస్తాది," అన్నాడు ఎర్రన్న. "ఇంగోటి చూసినారా? బొటనేలికి గుడ్డ ల్యా!"

నిజమే. టీవీలో ఎర్రగుడ్డ లేదు. గుడ్డ ఎప్పుడు మొదలైంది? ఆలోచిస్తే సీరియల్ వాళ్లు పోయిన తర్వాతే మొదలైంది. అంటే ఏమిటి? గుడ్డ లేకుండా ఉంటే టెంకాయ అంత బలంగా లేస్తుంది. ఆ బలాన్ని కావాలని కట్టేసుకుని, మాకు సగం శక్తితో పాయింట్లు పెట్టాడు. ఈ లెక్క ఎర్రన్న చెప్పాడు, నేను నాలుగు వీధుల్లో చేరవేశాను.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. టెంకాయ లేచిన చోటు ఏది? వెనక రెండు గుండ్లు ఒకదాని మీద ఒకటి, ఎద్దు మూపురంలాగా. చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. అది గుండ్ల మిట్ట. బయమ్మ చీనీ తోటకు ఉత్తరాన ఉన్న ఆమె బీడు.

బయమ్మ గురించి చెప్పాలి. మొగుడు పోయాక రెండు వందల చీనీ చెట్లను, అదే బత్తాయి చెట్లను, పిల్లల్లాగా సాకిన మనిషి. ఆ తోటలో పదకొండేళ్లలో ఎనిమిది బోర్లు వేసింది. ఎనిమిదింటికీ పాయింటు సుంకన్నదే. మూడింట్లో నీళ్లు పడినా రెండు ఎండిపోయాయి, అయిదింట్లో తెల్లదుమ్ము తప్ప ఏమీ రాలేదు. మిగిలిన ఒక బోరు రోజుకు గంటసేపు వేలంత ధార పోస్తుంది. ఆకులు చుట్టుకుపోయి, కాయలు నిమ్మకాయలంత అయ్యాయి. ఈ ఎండాకాలం దాటితే చెట్లుంటాయి, లేకపోతే కట్టెలే. తొమ్మిదో బోరు వేస్తే అదే ఆఖరు, పదోదానికి ఆమె దగ్గర ఓపికా లేదు, అమ్మడానికి గొడ్డూ లేదు. ఇన్నేళ్లలో సుంకన్న ఆమెకు ఎనిమిది చోట్ల రాయి పెట్టాడు గానీ, గుండ్ల మిట్ట వైపు ఒక్కసారీ నడవలేదు.

ఎందుకు నడవలేదు?

బయమ్మ మొగుడికీ సుంకన్నకూ పొట్టేలి పందెంలో పాత పగ ఉందని ఒకరు. తోట ఎండితే బీడుతో సహా చవగ్గా కొట్టేయాలని చూస్తున్నాడని ఇంకొకరు. ఆ మిట్ట కింద ఏరే పారుతోందని, ఆ సంగతి సీరియల్ వాళ్లు ఢిల్లీకి చెప్పారని, సుంకన్నతో నోరు మెదపనని రాయించుకున్నారని మరొకరు. ఈ ఆఖరిది ఎవరన్నారో నాకు గుర్తులేదు. నేనే అయ్యుండొచ్చు.

మరుసటి రోజు సుంకన్న చంకలో సీసాతో హోటలు ముందు నుంచి పోతుంటే ఎర్రన్న అడ్డం నిలబడ్డాడు.

"సుంకన్న మామా, రా, కూసో. నీ సీరియల్ ఏస్తా."

"నాకొద్దులే అబ్బీ."

"ఊరంతా చూస్తాంటే నువ్వొగనివే చూడవా? నీ మొగం నువ్వు చూసుకోవా?"

"ఆ పొద్దూ చూడ్లేదు, ఈ పొద్దూ చూడను."

"గుండ్ల మిట్టలో టెంకాయి లేసింది కదా. బయక్కకు యాల చెప్పలేదు?"

సుంకన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇది నేను కుట్టుమిషన్ ఆపి మరీ చూశాను. సీసా మూత తీశాడు, తాగలేదు, మళ్లీ బిగించాడు.

"అది టీవీరా," అన్నాడు. "ఆడ ఏం లేదు."

"ఏం లేకుండానే లేసిందా?"

సీసాను చంకలో ఇరికించుకుని గబగబా వెళ్లిపోయాడు. తప్పు లేనివాడు అట్లా వెళ్తాడా? అదే నేను అందరినీ అడిగాను.

ఈ మాటలన్నీ బయమ్మ చెవిన పడకుండా ఎట్లా ఉంటాయి? ఆమె ఫోన్లో ఎనిమిదో భాగం చూసింది. పక్క ఊళ్లో బోరుబండి పని చేస్తోంది, రెండు రోజుల్లో కర్ణాటక వైపు దాటిపోతుంది. ఎవరికీ చెప్పకుండా దానికి కబురు పెట్టింది. మా వైపు బోరు వేసేవాళ్లు ముందుగా బయటపెట్టరు, దిష్టి తగిలితే జల పక్కకు తప్పుకుంటుందని భయం. కానీ తెల్లారి ఆరింటికి బోరుబండి ఊళ్లోంచి ఏనుగులాగా పోతుంటే దిష్టి పెట్టనివాడెవడు? ఊరు మొత్తం దాని వెనకే గుండ్ల మిట్టకు చేరింది. మొహం కడుక్కోకుండా వచ్చినవాళ్లు యాభై మంది ఉంటారు.

బయమ్మ రెండు గుండ్ల ముందు సున్నం చల్లి, పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తీలు గుచ్చి, టెంకాయ చేతిలో పట్టుకుని నిలబడింది. బండివాడు జాకీలు దించాడు. అప్పుడు సుంకన్న వచ్చాడు. చెప్పులు లేవు, సీసా లేదు, పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు.

"బయమ్మా, వద్దు. ఈడ ఏయొద్దు."

"యాల?" అంది బయమ్మ. ఆ ఒక్క మాటలో పదకొండేళ్ల దుమ్ముంది.

"ఈడ నీల్లు ల్యా."

"ఎనిమిది చోట్ల ఉండాయని చెప్తివి. ఆడ ల్యాకపాయె. ఈడ ల్యా అంటాండావు. అంటే ఈడ ఉండాయనే కదా సుంకన్నా?"

జనం "అద్గదీ" అన్నారు.

సుంకన్న ఆమె చేతిలో టెంకాయ తీసుకున్నాడు. అరచేతిలో పడుకోబెట్టాడు. కుడి బొటనవేలికి గుడ్డ లేదు.

"అందరూ చూడండప్పా," అన్నాడు. బొటనవేలి అడుగుభాగం కొంచెం, ఈగ వాలినంత, టెంకాయ కిందికి జరిగింది. టెంకాయ దిగ్గున లేచి నిలబడింది. "ఆ పొద్దు ఇట్ల లేపినా. నేనే లేపినా."

సుంకన్నే చెప్పుకుంటూ పోయాడు.

"డైరెక్టరు దారం కట్టి లాగుతామన్నాడు. దారం యాల సార్, నా చేతిలో నిజంగానే లేస్తాది అని మీసం తిప్పినా. పొద్దున్నించి ఈ గుండ్లన్నీ తిరిగినా, లేయల్యా. లైట్లోల్లు నవ్వుతాండారు. పొద్దు పోతాంది. సిగ్గుతో సచ్చిపోయి, ఏలితో లేపితి. డైరెక్టరు వచ్చి నాకు దండం పెట్టినాడు. 'మీరు నిజమైన మనిషి' అన్నాడు. ఆ పొద్దు నుంచి... నా ఏలి మింద నాకే అనుమానం బయమ్మా. టెంకాయి లేసినప్పుడల్లా జల లేపిందా, నా ఏలు లేపిందా తెలీదు. అందుకే కట్టేసినా. కట్టేసినా మిగతా నాలుగు వేళ్లుండాయి కదా!"

నేను రాతిగుండెవాణ్ణి కాదు. ఎర్రన్న మాత్రం అవును.

"చాలా బాగా చేసినావు మామా. ఆ సీరియల్లో కంటే ఈడ ఇంగా బాగా చేసినావు. బయక్కా, నమ్మొద్దు. కళ్లముందర నీల్లు పోతాయని కత చెప్తాండాడు."

"ఔ, ఇప్పుడు ఏలితో లేపితే, అప్పుడూ ఏలితోనే లేపినాడని ఏం గ్యారంటీ?" అంది కదిరమ్మ.

జనం అందరూ అదే మాట. దొంగను కాదని ఒట్టేస్తే నమ్మరు సరే, దొంగనని ఒట్టేసినా నమ్మని ఊరు మాది. బండివాడు ఇంజను మీద చేయి పెట్టి అరిచాడు. "అమ్మా, స్టార్ట్ చేసేదా వద్దా? ఏదో ఒగటి చెప్పండి!"

బయమ్మ సుంకన్నను చూసింది, సున్నం చుక్కను చూసింది, కింద తోటను చూసింది. కొంగు నడుముకు బిగించింది. చేయి ఎత్తబోతోంది. అప్పుడే ఆశ్రిత స్కూటీ వచ్చి ఆగింది.

"ఆగవ్వా! బోరు ఈడ ఏస్తాండామని నాకు ఒగ్గరన్నా చెప్పినారా? పదమూడో భాగం చూసినారా మీరు?"

ఎవరు చూశారు? టెంకాయ లేచిన తర్వాత చూడ్డానికి ఏముందని మేము ఎనిమిది దగ్గరే ఆగిపోయాం. వందసార్లు ఆ ఎనిమిదే.

ఆశ్రిత ఫోను తీసింది. బోరుబండి నీడలో అందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. బయమ్మ ముందు, పక్కన సుంకన్న. ఆయన మొహం తిప్పుకున్నాడు, బయమ్మ గడ్డం పట్టి ఫోను వైపు తిప్పింది.

గ్రహం జనం అయిదు భాగాల పాటు తవ్వారట. పాతాళమంత గొయ్యి, దుమ్ము తప్ప ఏమీ లేదు. అందరూ కూలబడ్డారు. వాన గురించి అడిగిన ఆ పాప పెద్దాయన దగ్గరకు వస్తుంది. అప్పుడు మళ్లీ ఎనిమిదో భాగం నడక వస్తుంది, కానీ ఈసారి కెమెరా పక్క నుంచి, చాలా దగ్గర నుంచి ఉంది. తెర నిండా సుంకన్న చేయి. వెండిరంగు కిందనుంచి ఆ బొటనవేలు మెల్లగా, ఈగ వాలినంత, జరుగుతుంది. టెంకాయ లేస్తుంది. ఆ వెంటనే ఆయన మొహం. నటన కాదది. సిగ్గుతో చచ్చిపోయిన మనిషి మొహం.

పాప గొంతు వినిపించింది. "నేను ఆ రోజే చూశాను తాతా. మేము బతకాలని లేపావు కదా. చేయి నొప్పి పుట్టి ఉంటుంది. ఇంక దించు."

తర్వాత జనం లేచి ఒక్కొక్కరే మెడలో బుడ్డీలు విప్పి ఒకే కుండలో పోస్తారు. మాటలు లేవు. ఒక్కో చుక్క చప్పుడు వినిపిస్తుంది. సీరియల్ అయిపోయింది.

సుంకన్న నోరు తెరుచుకునే ఉంది.

"చూసినాడా?" అన్నాడు. "ఆయప్ప చూసినాడా? పక్కన ఇంగో కెమెరా ఉండాదని నాకు తెలీదే! నాతో ఒగ మాట అన్లేదు. దండం పెట్టి పాయె. చూసి కూడా దండం పెట్టినాడా?"

"చూసినాడు కాబట్టే కత అట్ల మార్చినాడు తాతా," అంది ఆశ్రిత. "ఆయన కూతురు కింద రాసిండాది. 'మా నాన్న ఆఖరి భాగం మళ్లీ రాసింది ఒక మనిషిని చూసి' అని. ఆ మనిషి నువ్వని నాకు ఇప్పుడు తెలిసింది."

సుంకన్న ఇరవై ఎనిమిదేళ్లు ఒక మనిషిని మోసం చేశానన్న బరువు మోశాడు. ఆ మనిషి మోసపోనే లేదు.

నిలబడిన చోటే ఆయన కుడిచేయి ఇంకా చాచి ఉంది, టెంకాయ దాని మీద ఉంది. మరిచిపోయినట్టున్నాడు. బయమ్మ ఆ టెంకాయను తీసుకుంది.

"నా ఎనిమిది బోర్లల్లో ఎన్నిట్లో లేపినావు సుంకన్నా?"

"దేవుని మింద ఆన, తెలీదు బయమ్మా. తెలిసింటే చెప్పనా?"

బయమ్మ తిడుతుందనుకున్నాం. కొడుతుందని నేను పందెం కూడా వేశాను. ఆమె బండివాడి వైపు తిరిగింది.

"పో నాయనా. ఈడ ల్యా."

"అవ్వా, ఇంత దూరం వచ్చినాం..."

"పో అంటాండా కదా. రాయికి బొక్క ఏసి ఏం చేస్తావు?"

బండి జాకీలు పైకెత్తింది. బయమ్మ టెంకాయను గుండు మీద ఒక్క దెబ్బ కొట్టింది. రెండు చెక్కలైంది. ఒక చెక్కలో నీళ్లు ఒలికిపోకుండా పట్టుకుని సుంకన్న ముందుకు చాచింది.

"పదకొండేండ్లాయె నువ్వు నా చేతి నీల్లు తాగి. పట్టు."

"బయమ్మా, నీ తోటలో దుమ్ము..."

"దుమ్ము నాది. నీల్లు టెంకాయివి. తాగు."

తాగాడు. గడ్డం మీద నుంచి కారింది. ఆ రోజు గుండ్ల మిట్టలో పడిన నీళ్లు అంతే.

ఆ వారమే బయమ్మ రెండు వందల చెట్లలో అరవై చెట్లకు తాడు కట్టి గుర్తు పెట్టుకుంది. మిగతావి కొట్టించింది. వేలంత ధార అరవైకి సరిపోతుంది, రెండు వందలకు సరిపోదు. కొట్టేటప్పుడు ఇంట్లోంచి బయటకు రాలేదు. రోజూ పొద్దున గంటసేపు మోటారు ఆడేటప్పుడు సుంకన్న వెళ్లి ఒక్కో చెట్టు మొదట్లో పైపు మార్చుకుంటూ తిరుగుతాడు. పాయింట్లు పెట్టడం మానేశాడు. ఎర్రగుడ్డ విప్పేశాడు, నీళ్ల సీసా మాత్రం అలవాటు పోక చంకలోనే ఉంటుంది, ఒక్కోసారి ఖాళీగా.

మా ఊరు మాత్రం మారితే కదా. పదమూడో భాగంలో వేలు కూడా ఎడిటింగేనని ఎర్రన్న వాదన. పోయిన వారం పొద్దున్నే గుండ్ల మిట్ట వైపు వెళ్తే, అక్కడ ఆయనే అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తూ కనిపించాడు. నన్ను చూసి టెంకాయ చంకలో దాచుకున్నాడు. నా చంకలో ఏముందని ఆయనా అడగలేదు.

నిన్న మధ్యాహ్నం బయమ్మ అరుగు మీద సుంకన్న మొదటిసారి ఎనిమిదో భాగం చూశాడు. ఆశ్రిత ఫోన్లో పెట్టి ఇచ్చి పోయింది. నేను చొక్కా కొలత నెపంతో వెళ్లి గోడవారన నిలబడ్డాను. టెంకాయ లేచింది. సుంకన్న తన సొంత తెల్లగడ్డం నిమురుకున్నాడు.

"బాగా చేసినా కదా?" అన్నాడు.

"నువ్వేం చేసినావు? ఊరికే నడిస్తివి," అంది బయమ్మ. "చేసిందంతా నీ బొటనేలు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వేమిటో, ఎంత కాలంగా ఉందో, దాని సంగతి కూడా నేను కనుక్కుంటున్నాను.